జాకెట్టు మీద నుంచి విన్న గుండె

మా అక్కకు పెళ్ళికి ముందు నుంచే ఆయాసం. అమ్మ ఆమెను రొంపిచెర్లలో బస్సెక్కించి నరసరావుపేట డాక్టరుగారికి చూపించేది. ఆయనది మంచి హస్తవాసి అని పేరు. ఆయన స్టెతస్కోపు గొట్టం ఎండి పగిలిపోతే ప్లాస్టరు చుట్టి వాడేవారు. బయట బస్సుల హారన్లు, పైన ఫ్యాను గోల. అక్క పైట సర్దుకుని కూర్చుంటే, జాకెట్టు మీదే దాన్ని ఒక్క క్షణం ఆనించి, "రక్తం తక్కువమ్మా" అని టానిక్కు రాసిచ్చేవారు.

ఊళ్ళో ఆడవాళ్ళు ఆయన్ని మెచ్చుకునేది ఇందుకే. "ఆడపిల్ల ఒంటిమీద చెయ్యి పడనియ్యడమ్మా, దేవుడు!" అనేవాళ్ళు. అంతకుముందు ఒక డాక్టరు జాకెట్టు హుక్కులు తియ్యమన్నాడని అతని గడప తొక్కడమే మానేసిన ఊరు మాది. సిగ్గుకున్న విలువ ప్రాణానికి లేదు మాకు.

టానిక్కు తాగి తాగి అక్క పళ్ళు నల్లబడ్డాయి గాని ఆయాసం తగ్గలేదు. పెళ్ళయింది. కడుపుతో ఉండగా, పడుకుంటే ఊపిరాడక కూర్చునే నిద్రపోయేది. అప్పుడు గుంటూరు తీసుకెళ్ళాం. అక్కడి లేడీ డాక్టరు తెర లాగి, ఫ్యాను ఆపించి, జాకెట్టు విప్పించి, అక్కను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టింది. కళ్ళు మూసుకుని చాలాసేపు వింది.

"గుండెలో కవాటం సన్నబడిపోయిందమ్మా. ఇన్నేళ్ళూ ఎవరూ వినలేదా?"

"వినకేం తల్లీ, పేట డాక్టరుగారు చానాసార్లు ఇన్నారు," అంది అమ్మ.

కాన్పు తట్టుకోలేక అక్క పోయింది. ఆడపిల్ల బతికింది.

పెద్దకర్మ కాకముందే పేట డాక్టరుగారు మా ఇంటికి వచ్చారు. నాకు ఒళ్ళు మండిపోయింది. కడిగేద్దామనే లేచాను. ఆయన అరుగు మీద కూర్చుని, తలెత్తకుండా చెప్పారు.

"నేను చదువుకునే రోజుల్లో ఆడవాళ్ళ వార్డులో మమ్మల్ని గుండె విననిచ్చేవాళ్ళు కాదమ్మా. మగవాళ్ళవే విని నేర్చుకున్నా. ఈ జబ్బు ఎక్కువగా వచ్చేది ఆడవాళ్ళకే. ఆ చప్పుడు పుస్తకంలో చదివానే గాని, చెవికి అలవాటు చేసుకోలా."

అంత నిజం చెప్పిన మనిషిని తిట్టలేక మళ్ళీ కూర్చున్నాను.

అమ్మ లోపలికి వెళ్ళి, ఊయల్లోంచి పసిదాన్ని తెచ్చింది. చొక్కా విప్పేసి ఆయన ఒళ్ళో పడుకోబెట్టింది.

"దీనిదన్నా సరిగ్గా ఇనండి బాబూ. గుడ్డ మీద కాదు, ఒంటిమీదే పెట్టి ఇనండి."

ఆయన సంచిలోంచి స్టెతస్కోపు తీసి చెవులకు పెట్టుకున్నారు గాని, తన ఏడుపే ఆగక ఏమీ వినలేకపోయారు.