మిగిలిన సగం

మొన్న నెల్లూరు చేపల మార్కెట్లో ఎవరో బుట్ట దించితే, దాని అడుగునంటిన నల్ల బురద వాసన గుప్పున కొట్టింది. పక్కనున్నవాళ్లు ముక్కు మూసుకున్నారు. నేను మాత్రం అక్కడే నిలబడిపోయాను. అది పులికాట్ సరస్సు బురద.

మాది ఆ సరస్సు నడుమ దిబ్బ మీది ఊరు. వేసవి వచ్చిందంటే ఇసకలో ఆరబోసిన రొయ్యపొట్టు వాసన, ముంజల నీళ్లు కారి జిగటపట్టిన చేతులు, పడవ నీడలో గవ్వలాటలు, ఆట మధ్యలో గవ్వ దాచేసి ఏడిపించే మా తమ్ముడు చిన్నోడు, సద్దన్నంలోకి కాల్చిన ఎండుచేప తోక కోసం వాడితో నా తగువులు. బడిలో అయ్యోరు భిన్నాల లెక్కలు చెప్పేవారు. పడవ సగం దూరం గంటలో పోతే మిగిలిన సగానికి ఎంతసేపు? నేను అందరికంటే ముందు లేచి "గంట సార్" అనేదాన్ని. ఇంటికొచ్చి గొప్పగా చెబితే, వల బాగుచేసుకుంటున్న నాయన నవ్వేవాడు.

"గాలి ఎటుందో చెప్పకుండా అదేం లెక్క పాపా? కీడెంచి మేలెంచాల."

నాకు ఒళ్లు మండేది. లెక్కలో గాలి ఉండదని పోట్లాడేదాన్ని.

ఆ ఎండాకాలంలోనే ఒక పొద్దున, కట్టెలు తీస్తుంటే చిన్నోణ్ణి పాము కరిచింది. ఆస్పత్రి పడమటి గట్టున ఉంది. నాయన వాడి కాలికి గుడ్డ చుట్టి, అమ్మ ఒళ్లో పడుకోబెట్టి, తన వాచీ తీసి నాకిచ్చి, గెడకర్రతో పడవ తోశాడు. చిన్నోడు నా చెయ్యి వదలలేదు. నీళ్లు కదలకుండా ఉన్నాయి, పడవ జర్రున పోయి, సగం దూరానికి గుర్తుగా నీళ్లలో పాతిన గుంజ దాటింది.

"ఎంత దూరం వచ్చినాం పాపా?" అమ్మ అడిగింది.

"నడిమి గుంజ దాటినాం మా. గంటలో సగం వచ్చేసినాం. ఇంకో గంట, అంతే."

అమ్మ ఆ మాటే పట్టుకుంది. "గంటే బిడ్డా, గంటే" అని వాడి చెవిలో చెబుతూనే ఉంది. నాయన గెడ వేస్తూనే పడమటి దిక్కే చూస్తున్నాడు.

అటునుంచే లేచింది వడగాలి. గట్టు వైపు పోయేకొద్దీ నీళ్లు తగ్గి, గెడ బురదలో దిగబడి రానంది. నాయన దూకి, మోకాటిలోతు బురదలో పడవను నెట్టాడు. నా లెక్క నిలవాలంటే నాయన చేతులు అలవకూడదు, నీళ్లన్నీ ఒకే లోతుండాలి, గాలి ఎదురు తిరగకూడదు. ఇవేవీ అయ్యోరు చెప్పలేదు, నేనూ అడగలేదు.

వాచీలో రెండో గంటా దాటిపోయింది. గట్టు దగ్గరికి రాలేదు. నా చేతిలో చిన్నోడి వేళ్లు పట్టు వదిలేశాయి. అయ్యో, అమ్మ ఇంకా "గంటే బిడ్డా" అంటూనే ఉంది.

ఇప్పుడు ఆ నీళ్ల మీదుగా రోడ్డు పడింది. గెడకర్రలు పొయ్యిలోకి పోయాయి, నాయనా పోయాడు, గవ్వలాట పిల్లలెవరికీ రాదు. ఆ మధ్య అమ్మను బస్సులో తీసుకొస్తూ, మాట వరసకు "సగం దూరం వచ్చేసినాం మా" అన్నాను.

అమ్మ చటుక్కున నా నోరు మూసింది.