ఉగ్గాని పొట్లం

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. బస్టాండులో బొరుగుల ఉగ్గాని సగం తిని, మిగిలిన పొట్లం చూపిస్తూ పక్కనున్న కోసిగి ఊరి కూలీకి పాఠం మొదలుపెట్టాను.

"ఇలాంటి ఎంగిలిని పేడతో కలిపి, మూసిన తొట్టిలో మురగబెడితే గ్యాసు పుడుతుంది. దాంతో పొయ్యి వెలిగించుకోవచ్చు. గ్రంథాలయంలో చదివాను."

అతను అరగంట విన్నాడు. "శానా సదివినావప్పా. ఆ పొట్లం నాకిస్తావా?"

ప్రయోగం చేస్తాడనుకుని పొంగిపోయాను. "మూత బిగుతుగా పెట్టాలి," అని చెప్పి మరీ ఇచ్చాను.

అతను దాన్ని గోడవారన కూర్చున్న భార్య చేతిలో పెట్టాడు.

"నీకు?" అందామె.

"నువ్వు తినుమే. నా కడుపు ఆయప్ప మాటలతోనే నిండిపోయింది."

ఆమె నవ్వి, తినసాగింది. బస్సు వచ్చేదాకా నేను తలెత్తలేదు. గ్యాసు గురించి అంతా చెప్పిన నేను, తిన్నావా అని అతణ్ణి ఒక్క మాట అడగలేదు.