డేరా హాలుకు ఇంకా రాని మంచితనం

ఆ రోజుల్లో, అంటే ఎనభైల నడుమ, మాచర్లలో ఆడిన సినిమా మా దుర్గి డేరా హాలుకు రావాలంటే ఏడాదో రెండేళ్లో పట్టేది. (ఆ ఆలస్యానికి ఒక పెద్దమనిషి ఎంత నలిగిపోయాడో తలచుకుంటే ఇప్పటికీ నవ్వాగదు.) నేను ఆ ఊళ్లో కొత్త పంతులమ్మను. రాతిబొమ్మలు చెక్కే ఒకాయన ఇంట్లో అద్దెకుంటూ, ఆయన్ను బాబాయి అనీ, ఆయన భార్యను పిన్ని అనీ పిలిచేదాన్ని. ఏ సినిమా ఏ నెలలో వచ్చిందో ఠక్కున చెప్పగలనని నాకు కాస్త గీర.

ఒక ఆదివారం ఇంటిముందు కారు ఆగింది. దిగినాయన ఏళ్ల తరబడి తెరమీద కొంపలు కూలుస్తున్న విలన్! సాగర్ దగ్గర షూటింగుకు వచ్చాడట. సినిమాల బయట ఆయన ప్రాణమంతా ఎద్దులే. బండలాగుడు పందేలకు సొంత జతను తిప్పేవాడు. అందులో ఒకటి కన్నుమూసింది. దాని ఫొటో బాబాయి చేతికిచ్చి, "అచ్చం ఇలాగే రాతిలో కావాలయ్యా" అంటూ కళ్లు తుడుచుకున్నాడు. బాబాయి కరిగిపోయి ఉలి కోసం చూశాడు. పిన్ని దాన్ని అప్పటికే కొంగులో చుట్టి బొడ్లో దోపుకుంది.

"ఏందయ్యా ఏడుపు? మొన్న ఆ ముసలామె కాడెద్దుల్ని జప్తు చేయించి పకపకా నవ్వితివే!"

"అది వేషం తల్లీ!"

"ఇదీ వేషమే గామోసు!"

ఇక నేను ఊరుకోగలనా? "పిన్నీ, నువ్వు చూసింది రెండేళ్లనాటి సినిమా. ఈయన తండ్రి వేషాలకు మారాడు. కిందటి దసరాకు మాచర్లకు వచ్చిన సినిమాలో కూతురి చదువు కోసం మూటలు మోశాడు."

"మోశానమ్మా, నిజం!" అన్నాడాయన ఆశగా.

"ఏమో అమ్మాయ్, అది మా ఊరికి ఎప్పుడొస్తే అప్పుడే మంచోడు. అందాకా ఉలి నా కాడే."

ఆయన కోప్పడలేదు. ఇచ్చిన మజ్జిగ తాగి, "అలాగే తల్లీ, ఆగుతాను" అని ఫొటో వదిలి వెళ్లాడు.

మరుసటి వేసవికి ఆ సినిమా రానే వచ్చింది. ఆయన మూట కింద కూలబడగానే పిన్ని బావురుమంది. ఇంటర్వెల్‌లోనే బాబాయి భుజం పొడిచి, బొడ్లోంచి ఉలి తీసి చేతిలో పెట్టి, "ఇంకా కూచున్నావేందయ్యా? పాపం, ఎద్దు పోయి ఆయన ఏడుస్తుంటే!" అంది. ఆ ఏడుపు నిరుటిదని చెప్పబోయి, మొదటిసారి నోరు మూసుకున్నాను.

రాతి ఎద్దు లారీ ఎక్కి వెళ్లింది. ఇప్పుడు ఏ సినిమా అయినా నా ఫోన్లోకే వచ్చేస్తోంది. అయినా ఎవరైనా, "ఫలానావాడు చానా మారాడు" అంటే, పిన్నితో తేదీలు పెట్టి వాదించిన ఆ పంతులమ్మ గుర్తొచ్చి నవ్వుకుంటాను. "కావచ్చు, మా ఊరికి ఇంకా రాలేదు" అంటాను.