ఒకే రంగు గుండీలు

కత్తెర మాస్టారికి గుడ్డ ముందు ఏనాడూ చెయ్యి ఆగలేదు. కాగితం ముందు ఆగింది. దర్జీ దుకాణంలో ఎంత ఖరీదైన బట్టనైనా సుద్దతో నాలుగు గీతలు గీసి కరకరా కత్తిరించి పారేసే మనిషి, కూతురు కొనిచ్చిన, గీతలకి బదులు చుక్కలున్న పుస్తకం ముందేసుకుని రోజూ సాయంత్రం తల గోక్కునేవాడు.

ఆయన భార్యకి కొంతకాలంగా కళ్లు తిరుగుతున్నాయి. డాక్టరమ్మ కొత్త మాత్ర ఇచ్చి, "ఏ రోజు తిరిగాయో, ఏ రోజు తిరగలేదో నెల్లాళ్లు రాసి తీసుకురండి. మాత్ర పెంచాలో తగ్గించాలో దాన్నిబట్టి చూద్దాం" అంది. తల వంచితే చాలు ఆవిడకి గది గిర్రున తిరుగుతుంది కాబట్టి రాసే పని మాస్టారి నెత్తిన పడింది. తండ్రి సంగతి కూతురికి తెలియనిదా!

"ఉత్తినే రాయమంటే రెండో రోజుకే మర్చిపోతావు నాన్నా. బొమ్మలు వేసుకుంటూ రాయి. దీన్ని బుల్లెట్ జర్నల్ అంటారు" అని తన పుస్తకం తెరిచి చూపించింది. ఒక నెలంతా మేఘాలు, ఇంకో నెలంతా పుట్టగొడుగులు. మాస్టారు నోరెళ్లబెట్టాడు.

"నాకేం తోచి చస్తుందే ఇలాంటివి?"

"నీకు రోజూ కనబడేదే వెయ్యి."

ఆ మాట చెవికెక్కితేగా! ఫోన్‌లో చూసి గులాబీలు వేశాడు. భార్య తొంగిచూసి, "క్యాబేజీలు బాగా కుదిరాయండీ" అంది. ఆ పేజీ చించేశాడు. పక్షులు వేస్తే, "పాపం, ఎగురుతున్నాయా, పడిపోతున్నాయా?" అని అడిగింది. మాస్టారికి ఒళ్లు మండింది గానీ, ఆవిడ నవ్వి చాలా రోజులైందని గుర్తొచ్చి ఊరుకున్నాడు.

మర్నాడు దుకాణంలో కోటు గుడ్డ మీద గుర్తులు పెట్టే పళ్ల చక్రం దొర్లిస్తున్నాడు. అది వెళ్లిన దారిలో చుక్కల వరస పడుతుంది, ఆ వరస వెంటే కత్తెర నడవాలి. సగంలో ఆయన చెయ్యి ఆగిపోయింది. ఇంట్లో పుస్తకం నిండా ఉన్నవీ ఇవేగా! ఇంతకాలం అన్నం పెట్టిన చుక్కల్ని చూసి బెదిరిపోయినందుకు తనలో తనే నవ్వుకున్నాడు.

ఆ సాయంత్రం పేజీ మీద పొడుగాటి కోటు లేచి నిలబడింది. కాలరుకి లైనింగు ముక్క అతికించాడు. జేబుకి నిజం దారంతోనే కుట్టు వేశాడు. ముందు భాగంలో రెండు వరసల గుండీలు, రోజుకొకటి. కళ్లు తిరగని రోజు నీలం, తిరిగిన రోజు ఇటుక రంగు. దుకాణంలో వాళ్లు చూసి మెచ్చుకుంటే మాస్టారు గాల్లో తేలిపోయాడు.

మొదట్లో అన్నీ నీలాలే. తర్వాత ఒకరోజు పొద్దున్నే భార్య, "ఇవాళ కాస్త తిరిగాయండీ" అంది.

ఇటుక రంగు పెన్సిలు చేతిలోకి తీసుకున్నాడు. నీలం గుండీల వరస ముత్యాల్లా ఉంది. వేరే రంగు గుండీ పడ్డ కోటు ఆయన చేతి మీదుగా ఏనాడూ గుమ్మం దాటలేదు.

"కాసేపు కూర్చుంటే సర్దుకుందిగా?"

"సర్దుకుందనుకోండి."

నీలం వేసేశాడు. ఆ తర్వాతా అంతే. అబద్ధం రాస్తున్నానని ఆయన అనుకోనే లేదు, అదే విచిత్రం. కోటు పాడవకూడదనుకున్నాడు. కొన్నాళ్లకి ఆవిడ చెప్పడం మానేసింది. తగ్గిపోయిందని ఈయన సంబరపడ్డాడు.

నెల గడిచాక డాక్టరమ్మ పేజీ చూసి ముచ్చటపడింది. "ఎంత బాగా వేశారండీ! అన్నీ నీలాలే. అయితే మందు బాగా పనిచేసింది. సగానికి తగ్గించేద్దాం" అంటూ చీటీ ముందుకి లాక్కుంది.

మాస్టారు పొంగిపోతూ భార్య వైపు తిరిగాడు. ఆవిడ కుర్చీ చెయ్యిని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఉంది. వేళ్లు తెల్లబడ్డాయి. డాక్టరమ్మ ముందు మొగుడి పరువు తియ్యడం ఇష్టంలేక పెదవి విప్పట్లేదు. ఆయన చీటీకి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగండమ్మా, రాయకండి. ఆ రంగులు తప్పు."

డాక్టరమ్మ బల్ల మీది ఎర్ర పెన్ను అడిగి తీసుకున్నాడు. "ఏ రోజు తిరిగాయో చెప్పు. ఒక్కటీ దాచకు" అన్నాడు భార్యతో.

ఆవిడ ఒక్కొక్కటే చెప్పింది. వంటింట్లో తూలిన రోజు. స్నానాల గదిలో నేల మీద కూర్చుండిపోయిన రోజు. ఆయన ఆ గుండీల మీద అడ్డంగా ఎర్రగీతలు కొట్టుకుంటూ పోయాడు. చూస్తుండగానే కోటు గంతల బొంతయింది. డాక్టరమ్మ మాత్ర మార్చి, పరీక్షలు రాసిచ్చింది.

బయటికొచ్చాక మెట్ల దగ్గర మాస్టారు, "నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు.

"చెప్పానండీ. చెప్పినప్పుడల్లా మీరు పుస్తకం వంక చూశారు."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది ఆయనకి. ఆవిడ అలవాటుగా గోడ కోసం చెయ్యి చాపింది. మాస్టారు వెళ్లి గోడకీ ఆవిడకీ మధ్య నిలబడ్డాడు.