బండికి దూపైతాంది

వెంకట్రాజం గారికి ఒక్కటే జబ్బు. తన కారుకు దాహం వేస్తుందని ఆయన గట్టి నమ్మకం. హనుమకొండ దాటి కాస్త దూరం పోయారో లేదో పాత తెల్ల అంబాసిడర్‌ను పక్కకు ఆపి, "బండికి దూపైతాంది" అని ప్రకటిస్తారు. బానెట్ ఎత్తి, నీళ్ల క్యాను పట్టుకుని నిలబడతారు. ఇక దేవుడు దిగివచ్చి బతిమాలినా ఆ బండి కదలదు.

హసన్‌పర్తి పోయినా దూపే, మడికొండ పోయినా దూపే. ఒక చలికాలం పొద్దున జనమంతా స్వెటర్లలో వణుకుతుంటే, ఈయన రేడియేటర్‌కు తడిగుడ్డ కప్పుతూ కనబడ్డారు.

"బండికి జరమొచ్చిందా కాకా?" అన్నాడో ఆటో అతను.

"జరం గాదు బిడ్డా, దూప" అన్నారు, నవ్వకుండా.

ఆయన బట్టల దుకాణం ఉన్న బజారంతా, ఈ కారు కంటే ఒంటె నయమని తేల్చేసింది. ఆ మాట విని అందరికంటే గట్టిగా నవ్వింది ఆయనే.

నవ్వనిది కూతురు దీప. కిందటిసారి చుట్టాల నిశ్చితార్థానికి వీళ్లు చేరేసరికి విస్తర్లు ఎత్తేస్తున్నారు. ఇప్పుడు పాలకుర్తిలో చిన్నమ్మ బిడ్డ వినోద పెళ్లి. "తాళి కట్టేటప్పుడు మనం లేకపోతే చిన్నమ్మ జన్మల మాట్లాడది" అంటూ దీప కారును కార్ల ఎలక్ట్రీషియన్ శేఖర్ షెడ్డుకు తోలుకొచ్చింది.

శేఖర్ అంతా విప్పి చూశాడు. రేడియేటర్ అద్దంలా ఉంది. పైపుల్లో చుక్క కారడం లేదు.

"అక్కా, దీనికి దూప గాదు గదా, చెమట గూడ పట్టది."

"అవన్నీ నాకు తెల్వది. కరెంటు ఫ్యాన్ పెట్టు. బాపుకు ఆపే వంక దొరకొద్దు."

శేఖర్ బెల్టుతో తిరిగే పాత ఫ్యాన్ తీసేసి కరెంటు ఫ్యాన్ బిగించాడు. బ్యాటరీ నుంచి లావు వైరు లాగి, ఫ్యూజు, రిలే పెట్టాడు. నీళ్లు వేడెక్కగానే ఫ్యాన్ దానంతటదే తిరిగేలా సెన్సర్ అమర్చాడు. డాష్‌బోర్డు మీద వేడి చూపే కొత్త మీటరు, దానికి ఇంకో సెన్సర్. అంతసేపూ వెంకట్రాజం గారు పన్ను పీకించుకోవడానికి వచ్చినవారిలా స్టూలు మీద కూర్చున్నారు.

"అంటే శేఖర్, ఇగ బండి వేడెక్కనే ఎక్కదా?"

"ఎక్కది కాకా, ఫికర్ చెయ్యకు."

"మరి ఎప్పుడన్న... జర ఎక్కిచ్చుకోవాల్నంటే?"

ఇలాంటి ప్రశ్న శేఖర్ తన సర్వీసులో వినలేదు. నవ్వుకుని, మీటరు పరీక్షకు సెన్సర్ వైరును కారు ఇనుముకు తాకించాడు. ముల్లు ఎగిరి ఎర్రగీత మీద వాలింది.

"అరే! మల్లోసారి చెయ్యి!" ఆయన మొహం వెలిగిపోయింది.

పెళ్లినాడు దీప శేఖర్‌ను కూడా ముందుసీట్లో కూర్చోబెట్టింది. "బాపు ఏం వంక పెట్టినా నువ్వే జవాబు చెప్పాలె." వెనక ఆమె పక్కన తల్లి అరుణ. రిటైరైన టీచరమ్మ. శేఖర్ ఆవిడ శిష్యుడే. ఆవిడ క్లాసులో కడుపునొప్పి అని చెప్పి ఇంటికి పోయిన పిల్లవాడు లేడు. "మనసు గట్టిగుంటే ఒళ్లు అదే ఇంటది" అనేది.

మడికొండ దాటింది. ముల్లు బుద్ధిగా మధ్యలో ఉంది. వెంకట్రాజం గారు ఓసారి రోడ్డును, ఓసారి పైఅద్దాన్ని, ఓసారి ముల్లును చూస్తున్నారు. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర పడుతుండగా బ్రేకు మీద కాలు వేశారు.

"బండికి దూపైతాంది."

"బాపూ! ముల్లు సగం కాడనే ఉంది! శేఖర్, నువ్వే చెప్పు!"

చెబుదామని నోరు తెరిచిన శేఖర్‌కు అద్దంలో అరుణ మేడం కనబడింది. మొహం పాలిపోయింది. నుదుటి మీద చెమట. పిడికిట్లో సగం నిమ్మకాయ.

"పోనియ్యుండ్రి. నేను మంచిగనే ఉన్న" అంది ఆవిడ. నిజానికి ఆవిడను ఎవరూ ఏమీ అడగలేదు.

ఇన్నేళ్లూ దారిలో ఈ కారు ఆగి తన కంటబడిన ప్రతిసారీ ఆవిడ "చెట్లు చూసొస్త" అని దిగడం శేఖర్‌కు గుర్తొచ్చింది. కడుపులో తిప్పేది ఆవిడకు. నవ్వులపాలైంది ఈయన. శేఖర్ మనసు చివుక్కుమంది. చెయ్యి డాష్‌బోర్డు కిందికి పోయి సెన్సర్ వైరును పీకి ఇనుముకు అదిమింది. ముల్లు ఎర్రగీత మీదికి దూకింది.

"అవ్ అక్కా! నిజంగనే దూపైతాంది! కొత్త సామాను గదా, ఒక్కసారి ఆపితే ఇగ పాలకుర్తి దాంక ఢోకా లేదు."

మేడం చెట్లు చూసి, నిమ్మకాయ చప్పరించి, తేరుకుని వచ్చింది. అంతసేపూ వెంకట్రాజం గారు నిండుగా ఉన్న రేడియేటర్ మీద నీళ్లు పోస్తూ, ఆవిడ వైపు చూడకుండా నిలబడ్డారు. వీళ్లు మండపంలోకి అడుగుపెట్టేసరికి బాజాలు జోరందుకున్నాయి. దీప చేతిలో అక్షింతలు పడ్డాయి, వినోద మెడలో తాళీ పడింది.

మర్నాడే వెంకట్రాజం గారు షెడ్డుకు వచ్చి, స్టీరింగ్ కింద ఎవరికీ కనబడకుండా ఒక బటన్ పెట్టించుకున్నారు. నొక్కితే ముల్లు ఎర్రకు పోతుంది.

కొన్నాళ్లకు అరుణ మేడం ఒక్కతే షెడ్డుకు వచ్చింది. శేఖర్ క్లాసులోలాగే లేచి నిలబడ్డాడు.

"స్టీరింగ్ కింద బటన్ పెట్టింది నువ్వేనా?"

"మేడం... అది..."

"ఆయన సంగతి నాకు ఎప్పటిసంది ఎరుకనే. గని ఈ నడుమ ముచ్చట్ల పడి అద్దం చూసుడు మరుస్తాండు. నా సీటు కాడ గూడ ఒకటి పెట్టు." గడప దాటబోతూ ఆగింది. "ఆయనకు చెప్పకు."

మొన్న వెంకట్రాజం గారు కంగారుగా పరుగెత్తుకొచ్చారు.

"శేఖర్! ఈ మధ్య నేను నొక్కకముందే ముల్లు లేస్తాంది. మన బండికి నిజంగనే దూపైతాంది!"

శేఖర్ నవ్వు బిగపట్టి, లోపలి నుంచి ఇంకో పెద్ద క్యాను తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు.