కొర్రమీను గారి కుటుంబం

ఆ రోజుల్లో అని నేను మొదలుపెడితే మా మామ్మ నవ్వుతుంది. "నీకప్పుడే ఆ రోజులేంటే, నిన్నగాక మొన్న కదా ఉద్యోగంలో చేరావు" అంటుంది. నిజమే. కానీ కొన్ని రోజులు జరుగుతుండగానే పాతబడిపోతాయి. వట్లూరు ఆఫీసు నుంచి సాయంత్రం బస్సులో మా ఊరికి తిరిగొచ్చిన రోజులు నాకు అలాగే కనిపిస్తాయి. పెదపాడు దాటాక రోడ్డుకి రెండు వైపులా చేపల చెరువులు, వాటి మీద పల్చటి మంచు, ఆ మంచులో ఎక్కడో తిరుగుతున్న నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్ల చప్పుడు, గట్ల మీద ఏదో మరిచిపోయి గుర్తు తెచ్చుకుంటున్నట్టు నిలబడ్డ కొంగలు. కిటికీకి తల ఆనించి కూర్చుంటే బస్సు రోడ్డు మీద వెళ్తోందో నీళ్ళ మీద వెళ్తోందో తెలిసేది కాదు. ఒళ్ళో ఒక నవల తెరిచి ఉండేది (పేజీ మాత్రం మారేది కాదు). ఇంటికెళ్ళాక, ఆ రోజు ఎవరితోనూ చెప్పలేకపోయిన మాటలన్నీ డైరీలో రాసుకునేదాన్ని. అలాంటివి చాలా ఉండేవి కాబట్టి నా డైరీలు ఏడాది పూర్తికాకుండానే నిండిపోయేవి.

మా కంపెనీ అంటే ఒక మేడ మీద వాటా, కొన్ని కంప్యూటర్లు, మా సారు. ఆయన చేపల వ్యాపారం కోసం సొంతంగా ఒక బ్లాక్‌చైన్ తయారు చేయిస్తున్నారు. చెరువులో పట్టిన చేప ఐసుపెట్టెలోకి, లారీలోకి, వ్యాపారి చేతిలోకి ఎలా వెళ్ళిందో అందులో నమోదవుతుంది. అదేమిటో మామ్మకి చెప్పడానికి ఒకసారి ప్రయత్నించాను. "అదొక చిట్టా మామ్మా. అందరి దగ్గరా దాని నకలు ఉంటుంది. అందులో ఒకసారి ఎక్కింది ఇక ఎవరూ చెరపలేరు."

"మరి తప్పు ఎక్కితేనో?"

"తప్పు కూడా అలాగే ఉండిపోతుంది."

"అయితే మా తోటికోడలి మనసులాంటిదన్నమాట" అంది మామ్మ. (బ్లాక్‌చైన్ గురించి ఇంతకంటే మంచి వివరణ నాకు ఇంతవరకూ ఏ పుస్తకంలోనూ దొరకలేదు.)

ఆ చైన్‌లో వేలం పాట జరిపే స్మార్ట్ కాంట్రాక్ట్‌ను ఇమడ్చడం నా పని. స్మార్ట్ కాంట్రాక్ట్ అంటే తనంతట తానే అమలైపోయే ఒప్పందం. పాట ముగియగానే, ఎక్కువకి పాడినవాళ్ళ పేరు మీదికి సరుకు మారిపోతుంది. మధ్యవర్తి ఉండడు, మాట మార్చడం ఉండదు. వినడానికి బాగానే ఉంటుంది కానీ ఆ ఒప్పందం నడిపే మాడ్యూలూ మా చైనూ ఒకదానితో ఒకటి పొసగడానికి నెలలు పట్టింది. అది పేరు అడిగితే ఇది అంకె ఇచ్చేది. ఇది జవాబు చెప్పేలోపు అది అలిగి వెళ్ళిపోయేది. చివరికి రెండూ కలిశాక నేను అన్నిటికంటే శ్రద్ధగా చూసుకున్నది ఒక్కటే: ఒకసారి అమ్మిన చేపను మళ్ళీ అమ్మడానికి వీల్లేకుండా చేయడం. ఒకే చేపను ఇద్దరికి అంటగట్టాలని నాకు తోచిన దొంగదారులన్నీ తొక్కి చూశాను. ప్రతిసారీ తెర మీద ఎర్రగా నేను రాసిన వాక్యమే వచ్చేది: "ఈ వస్తువు అమ్ముడుపోయింది. రెండోసారి అమ్మడం కుదరదు." ఆ వాక్యం చూసుకుని, ఎవరికీ చెప్పుకోకుండా, మురిసిపోయేదాన్ని.

తాడేపల్లిగూడెం నుంచి పెద్ద చేపల వ్యాపారి ఒకాయన ఈ చిట్టాని ఫోన్లోనే వాడుకునే మా యాప్ తీసుకోవచ్చని కబురొచ్చింది. మేమంతా ఆయన్ని గూడెం గారు అనేవాళ్ళం. కంప్యూటరు మీద చూపిస్తే ఆయన నమ్మరట, నిజమైన మనుషుల మధ్య నిజమైన వేలంలో నడిపి చూపించాలట. "ఎక్కడ దొరుకుతుందమ్మా మనకి వేలం?" అన్నారు సారు, నన్ను అడిగినట్టు కాదు, ఫ్యానుని అడిగినట్టు. నేను నెలకి ఒక్క మాట మాట్లాడే మనిషిని. ఆ నెల మాట అప్పుడే వచ్చేసింది. "మా చర్చిలో కోత పండుగకి వేలం జరుగుతుందండి." సారు లేచి నిలబడ్డారు. "ఇది సరిగ్గా నడిస్తే నువ్వు పర్మనెంటు. నడవకపోతే..." అని ఆగి, "చూద్దాంలేమ్మా" అన్నారు. మా గోదావరి వైపు చూద్దాం అంటే ఏమిటో నాకు తెలుసు. పిల్లనిచ్చే దగ్గర, అప్పిచ్చే దగ్గర అదే మాట అంటారు.

సార్వా వరి కోతలయ్యాక మా చర్చిలో కోత పండుగ చేస్తారు. ఎవరికి ఏది పండితే అది తెచ్చి దేవుడికి సమర్పిస్తారు: కొత్త వడ్లు, గుమ్మడికాయలు, అరటి గెలలు, కోళ్ళు. ఆరాధన అయ్యాక బయట పందిట్లో వాటిని వేలం వేస్తారు. మా మామ్మ ఏటా ప్రాణంతో ఉన్న కొర్రమీనును బకెట్లో తెస్తుంది, మూత పెట్టి, మూత మీద ఇటుక పెట్టి. (కొర్రమీను నీళ్ళు లేకపోయినా చాలాసేపు బతుకుతుంది. మూత లేకపోతే మాత్రం బకెట్లో ఉండదు.) ప్రతి ఏడూ నేను పందిట్లో ఆఖరి స్తంభం వెనక, పుస్తకం వెనక కూర్చునేదాన్ని. ఆ ఏడు మాత్రం అందరికీ ఎదురుగా, లాప్‌టాప్ ముందు కూర్చోవాల్సి వచ్చింది. ఆదివారాలు పాటలు చూపించే తెర మీద మా యాప్ కనిపిస్తోంది. వేలం పాడించేది ఎప్పుడూ మా వేలం మేష్టారే, రిటైరైన లెక్కల మేష్టారు. ఆయన మైకులో పాడిస్తారు, నేను ఎక్కిస్తాను. గూడెం గారు ద్వారకా తిరుమల దర్శనం చేసుకుని వస్తూ ఆలస్యమయ్యారు. ముందు వరసలో ఆయన కుర్చీ ఖాళీగా ఉంది, పక్క కుర్చీలో సారు గేటు వైపే చూస్తున్నారు.

గుమ్మడికాయలు వెళ్ళాయి, గెలలు వెళ్ళాయి, కోళ్ళు అరుస్తూ వెళ్ళాయి. మేష్టారు "మూడోసారి" అనగానే తెర మీద పేరు మారిపోతోంది, జనం "అబ్బో" అంటున్నారు. నాకు గాల్లో ఉన్నట్టుంది. ఆఖరున మామ్మ కొర్రమీను వచ్చింది. రైసుమిల్లు బాబాయి పాడుకున్నాడు. మేష్టారు మూడోసారి అన్నారు, నేను నొక్కాను, చేప బాబాయి పేరు మీదికి మారింది. బాబాయి లేచి, లుంగీ సర్దుకుని, ఏటా అనేదే అన్నాడు.

"మళ్ళీ పాట పెట్టేయండి మేష్టారూ."

అప్పుడు గుర్తొచ్చింది నాకు. మామ్మ చేపను పాడుకున్నవాళ్ళెవరూ ఇంటికి పట్టుకెళ్ళరు. తిరిగి దేవుడికే ఇచ్చేస్తారు. ఇంకొకరు పాడతారు, వాళ్ళూ ఇచ్చేస్తారు. అలా ఒకే చేప పందిరంతా చుట్టి వస్తుంది, ప్రతిసారీ మేష్టారు మామ్మ పేరు మైకులో చెబుతారు, ఏడాదంతా ఎవరూ పట్టించుకోని మామ్మ ఆ కాసేపు కొంగు భుజం నిండా కప్పుకుని రాణిలా కూర్చుంటుంది. నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే ఇది. మాడ్యూలు రాసిన ఆ నెలల్లో ఒక్కసారైనా గుర్తు రాలేదు. అయినా నొక్కాను. పందిరి వెడల్పున ఎర్రటి అక్షరాలు వచ్చాయి: "ఈ వస్తువు అమ్ముడుపోయింది. రెండోసారి అమ్మడం కుదరదు."

"ఎవరండీ కుదరదంటున్నది?" అన్నాడు బాబాయి.

"మన అమ్మాయి రాసిన మెషీనండీ" అన్నారు మేష్టారు.

"కొంచెం కుదుర్చుకోమనండి."

"ఒకసారి పెట్టాక రూలు మారదు బాబాయ్, నేను చెప్పినా మారదు" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మామ్మ నా వైపు చూసింది. కోపంగా కాదు. పెళ్ళి భోజనాల్లో వడ్డించేవాళ్ళు తన విస్తరి దాటి వెళ్ళిపోతే చూస్తుందే, అలా చూసింది.

మేష్టారు మైకు సవరించుకున్నారు. "పేరు మారిస్తే ఒప్పుకుంటుందేమో చూడమ్మా. కొర్రమీను గారి తమ్ముడు అని ఎక్కించు." ఎక్కించాను. మెషీను మారు మాట్లాడకుండా ఒప్పుకుంది. పందిట్లో నవ్వులు మొదలయ్యాయి. తమ్ముణ్ణి పాడుకున్నవాళ్ళు తిరిగి ఇచ్చేశారు. "బావమరిది అనండి మేష్టారూ" అని వెనక నుంచి ఒకావిడ. ఆ తర్వాత మేనమామ, పెదనాన్న. "ఆడవాళ్ళే లేరేంటండీ ఆ ఇంట్లో?" అని ఇంకొకావిడ అడిగితే కొర్రమీను గారి ఆడపడుచు కూడా వచ్చింది, ఆవిడకి పాట అందరికంటే ఎక్కువ వెళ్ళింది. తెర మీద ఒక కుటుంబం, బకెట్లో ఒక చేప. మామ్మ ముఖం మళ్ళీ వెలిగింది.

సరిగ్గా అప్పుడు గూడెం గారు వచ్చారు. తెల్ల చొక్కా, నుదుట నామం, చేతిలో లడ్డూ ప్రసాదం పొట్లం. తెర వైపు చూసి నిలబడిపోయారు. బంధుత్వాలు చూడలేదు, కొర్రమీను అన్న మాటే చూశారు. "ఇన్ని కొర్రమీనులు ఒక్క ఇంటివేనటండీ? మాకే దొరకట్లేదు" అన్నారు. సారు ఎంత మంచివారంటే, ఎదుటివాళ్ళ సంతోషాన్ని పాడుచేయలేరు. "అవునండి, మామ్మగారి చెరువులో బాగా పెరుగుతాయండి" అనేశారు. (మామ్మకి చెరువు లేదు. ఉన్నది ఒక బకెట్.)

"ఒకసారి చూద్దామండీ అన్నీ" అన్నారు గూడెం గారు. ఇది నిజంగా చూద్దాం.

సారు నా వైపు చూశారు. నోరు తెరవకమ్మా అన్న చూపు. నేనెప్పుడు తెరిచాను గనక? తలొంచుకుని ఊరుకుంటే చాలు, మిగతాది ఎవరో ఒకరు సర్దేస్తారు, నా జీవితమంతా అలాగే గడిచింది. కానీ తెర మీద ఆ జాబితా అలాగే ఉంది. చెరపలేని చిట్టా, నేను కట్టిన చిట్టా, లేని చేపల్ని చూపిస్తూ. పర్మనెంటు ఉద్యోగం నీళ్ళలో జారే చేపలా కళ్ళ ముందు మెరిసింది.

"ఒక్కటేనండి" అన్నాను.

మెల్లగానే అన్నాను. కానీ మేష్టారు సోడా తాగడానికి వెళ్తూ మైకు నా ముందే పెట్టి వెళ్ళారు. ఆ మాట పందిరి దాటి, రోడ్డు దాటి, చెరువుల మీదుగా వెళ్ళింది. మా ఊరు నా గొంతు వినడం అదే మొదటిసారి. "ఎవరి పిల్లే అది?" అని ఎవరో అడగడం కూడా వినిపించింది. ఇక ఆగలేకపోయాను. "చేప ఒక్కటేనండి. మా వాళ్ళు కొన్నది మళ్ళీ ఇచ్చేస్తారండి. కొనడం, అమ్మడం నేర్పాను కానీ ఇచ్చేయడం దానికి నేర్పలేదండి. అందుకని పేర్లు మార్చాం."

గూడెం గారు సారు వైపు తిరిగి, ఎంతో మర్యాదగా, "మీ మెషీను అబద్ధం చెప్పదన్నారు. చెప్పిందండి. అమ్మాయి చెప్పలేదు" అన్నారు. సారు కర్చీఫుతో ముఖం తుడుచుకున్నారు. నేను అప్పటికే మనసులో లాప్‌టాప్ తిరిగి ఇచ్చేస్తున్నాను.

అప్పుడు మామ్మ లేచింది. "బాబూ, ఇంత దూరం వచ్చారు. మీరూ ఒక పాట పాడండి" అంది. గూడెం గారు చుట్టూ చూశారు. తప్పించుకునే దారి లేదు, మర్యాద నాలుగు వైపులా ఉంది. పాడారు. ఎవరూ పోటీకి రాలేదు, అతిథి కదా. కొర్రమీను గారి వియ్యంకుడు అన్న పేరుతో చేప ఆయనదైంది. ఇక అందరూ ఆయన నోటి వైపే చూస్తున్నారు. పుట్టినప్పటి నుంచీ చేపలు కొని అమ్మిన మనిషి, ఒక్క చేపనైనా తిరిగి ఇచ్చి ఎరుగరు. ఇటుక తీసి, మూత ఎత్తి, లోపలికి చూశారు. నల్లగా నిగనిగలాడుతోంది. ఎంత మంచి చేపో అక్కడున్న అందరికంటే ఆయనకే బాగా తెలుసు. చాలాసేపటికి, ఎవరో లోపలి నుంచి లాగినట్టు, "మళ్ళీ... పెట్టేయండి" అన్నారు.

మూత ఇంకా ఆయన చేతిలోనే ఉంది. చేప ఎగిరింది. గడ్డిలో పడి, పాకుతూ, పందిరి పక్కన నీళ్ళు పారే బోదెలోకి జారి, కాలువ వైపు వెళ్ళిపోయింది. ఎవరూ వెంటపడలేదు. "పోనివ్వండి" అంది మామ్మ, "పాపం, ఇంతమందికి చుట్టమై అలిసిపోయింది."

సోమవారం సారు నన్ను పిలిచి, "ఇచ్చేయడం ఎలా నేర్పుతావో నేర్పమ్మా" అన్నారు. ఉద్యోగం సంగతి ఆయన ఎత్తలేదు, నేను అడగలేదు. నెలాఖరుకి తెలిసింది, ఉందని. పాత కాంట్రాక్ట్ మారదు కాబట్టి కొత్తది రాసి, పాత వివరాలన్నీ అందులోకి తెచ్చాను. పేరు మారిస్తే మోసపోకుండా ప్రతి సరుకుకీ ఫొటో, బరువు పెట్టాను. చివర్లో ఒక చిన్న బటన్ పెట్టాను, "తిరిగి సమర్పించు" అని. కొన్నాళ్ళకి గూడెం గారు యాప్ తీసుకున్నారు. ఆయన వ్యాపారులందరి ఫోన్లలోనూ ఆ బటన్ ఉంది. ఏడాది పొడుగునా ఎవరూ నొక్కరు. మా కోత పండుగ రోజున మాత్రం దానికి తీరిక ఉండదు.

ఆయన నోటితో ఇచ్చేసినా, చిట్టా ప్రకారం ఆ కొర్రమీను గూడెం గారిదే. అందుకని ఆఫీసుకి ఫోన్ చేసినప్పుడల్లా పని మాట్లాడాక, "నా చేప ఎలా ఉందమ్మా?" అని అడిగేవారు. కిందటి వానాకాలంలో ఒక మధ్యాహ్నం, అద్దాల మీద జల్లు కొడుతుంటే, తెర మీద ఒక కొత్త వరస మెరిసింది. పండుగ కాదు, ఏమీ కాదు. గూడెం నుంచి ఎవరో కొర్రమీను గారి వియ్యంకుణ్ణి తిరిగి సమర్పించారు. ఎందుకో కనుక్కోవడం నా పని. కనుక్కోలేదు.

ఇప్పుడు ఆయన ఫోన్ చేస్తే, "మన చేప ఎలా ఉందమ్మా?" అంటున్నారు. మైకు దగ్గరికి రమ్మంటే ఇప్పటికీ స్తంభం వెతుక్కునే నేను, బస్సు కిటికీ లోంచి పొద్దున్నే చూసొచ్చినంత ధీమాగా, "బాగుందండి" అంటున్నాను.