మజ్జిగ మనిషి

ప్రభుదాసు మజ్జిగ తాగుతుంటే చూడాల్సిందే. గ్లాసును రెండు అరచేతుల మధ్య పట్టుకుని, కళ్లు మూసుకుని, లోలోపల ప్రార్థన చేసుకుని ఎత్తాడంటే ఆఖరి చుక్క దాకా దించడు. జీడిమెట్లలో ఒక బ్లీచింగ్ పౌడర్ కంపెనీకి సేల్స్ మేనేజరు. శామీర్‌పేట ఫామ్‌హౌస్‌లో పోటీ కంపెనీల వాళ్లంతా చేరి, మునిసిపాలిటీలకు ఒకే రేటు చెప్పాలని కూడబలుక్కున్నప్పుడల్లా అతనూ ఉండేవాడు. అందరూ మందు పోసుకుంటుంటే, "నాకు మజ్జిగ సాలు సార్" అనేవాడు. ఆ మాటలన్నీ కంపెనీలు ఇలా కుమ్మక్కు కాకుండా పోటీ చట్టం చూసే అధికారులకు రహస్యంగా చేరవేసిందీ అతనే. కంపెనీకి జరిమానా పడింది, కంపెనీ అప్పీలుకు వెళ్లింది. అధికారుల లోపలి ఫైలు కంపెనీకి ఇవ్వాలని ట్రిబ్యునల్ ఆదేశించింది. "మీ పేరు మీద నలుపు పూసే ఇస్తాం" అని అధికారి ధైర్యం చెప్పాడు. అయినా ప్రభుదాసు తూంకుంట ఇంటి గేటుకు రెండో తాళం కొన్నాడు.

ఇవాళ ఫైలు వచ్చింది. ఎన్నడూ గొంతు పెంచని ఓనరు జయకృష్ణ స్టాఫందరినీ కూర్చోబెట్టి ఒక కాగితం చదివాడు. పేరున్నచోట నలుపే. దాని కింద అధికారి తన పైఅధికారికి రాసుకున్న మాట మాత్రం అలాగే ఉంది: "ఇతను ఆ విందుల్లో మజ్జిగ తప్ప ఏమీ తాగలేదు. చెప్పేది నమ్మవచ్చు." గదిలో ఎవరూ ప్రభుదాసు వైపు చూడలేదు. జయకృష్ణ కాగితం మడిచి, నవ్వుతూ ఆయమ్మను పిలిచాడు.

"ప్రభుదాసు గారికి మజ్జిగ తెచ్చివ్వమ్మా."

గ్లాసు చేతికొచ్చింది. ఈసారి ప్రభుదాసు కళ్లు మూసుకోలేకపోయాడు.